బురదను తిట్టే యాత్రికులకు

ఈ మధ్య ఒక మిత్రుడు ఒక యాత్రావ్యాసం పంపి, "చదివి నవ్వుకో" అన్నాడు. చదివాను. నవ్వు రాలేదు. వీపున సంచీ తగిలించుకొని ఉష్ణమండలపు చిత్తడి నేలల్లో నాలుగు రోజులు తిరిగివచ్చిన ఒక యువకుడి కథ అది. బూటు ఊబిలో పోయింది, జలగలు పట్టాయి, దోమలు పీల్చి పిప్పి చేశాయి, రాత్రి గుడారం పక్కన ఏదో జంతువు గుర్రుమంది, దారి తప్పి ఒక పూట పస్తున్నాడు. ఇన్ని కష్టాలను జయించి, చివరకు జలగ పట్టిన పిక్కను ఫొటో తీసి పెట్టాడు. కింద నూటికి పైగా వ్యాఖ్యలు: "మీ ధైర్యానికి జోహార్లు", "చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది".

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో సగం ఆ అబ్బాయి మీద కాదు, నా మీద. ఎందుకంటే అచ్చం అలాంటి వ్యాసమే నేనూ ఒకప్పుడు రాశాను. అందులోనూ బురద ఉంది, జలగ ఉంది, జ్వరం ఉంది. అందులో లేనిది ఒక్కటే, అసలు జరిగింది. పాత బాకీ కాబట్టి ముందు అది తీర్చి ఆ తరువాత వాదనకు వస్తాను.

2007 ఆషాఢం. చోడవరం మీదుగా నర్సీపట్నం పోయే బస్సెక్కి రోలుగుంటలో దిగాను. అప్పటికి అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయింది. వెనక తూర్పు కనుమల కొండలు, ముందు చెరకు తోటలు, మధ్యలో దమ్ము చేసిన మడులు. నా వీపున పన్నెండు కిలోల సంచీ, మెడలో అరువు తెచ్చుకున్న డిజిటల్ కెమెరా, బుర్రలో ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన అమెజాన్. నీళ్ళున్నచోట పక్షులుంటాయి, పక్షులున్నచోట ఫొటోలుంటాయి, ఫొటోలున్నచోట పాఠకులుంటారు. నా యాత్రాప్రణాళిక మొత్తం ఇంతే.

ఊరికి కాస్త దూరంలో ఒక చెరువు. దాని పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందుముందు మీకే అర్థమవుతుంది. అలుగు వైపు నీళ్ళు, ఎగువ వైపు జమ్ము, తుంగ, మధ్యలో తామరాకులు. ఆ ఆకుల మీద పొడుగు వేళ్ళ పిట్టలు నేల మీద నడిచినట్టే నడుస్తున్నాయి. గట్టు మీద గేదెలను కాస్తున్న ఒక ముసలాయన నన్ను ఆపాడు.

"ఎక్కడికి బాబూ?"

"అదిగో, ఆ పిట్టల దగ్గరికి తాతా."

"గట్టంట ఎల్లు. అడ్డంగా దిగీకు. అటేపు మా గేదెలే దిగవు."

గేదెలు దిగని చోట మనిషి దిగకూడదన్న మాటలో ఎంత శాస్త్రం ఉందో గ్రహించే తెలివి నాకు లేదు. దిగాను. పది అడుగుల్లో మోకాలి దాకా కూరుకుపోయాను. కాలు లాగితే కాలే వచ్చింది, బూటు రాలేదు. సంచీ బరువుకు పక్కకు ఒరిగి, కెమెరాను కాపాడబోయి, దానితో సహా బురదలో పడ్డాను. పక్క మళ్ళో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకావిడ ఏదో అంది, మిగిలినవాళ్ళు పకపకా నవ్వారు. ముసలాయనే తాటిమట్ట ఒకటి అందించి నన్ను బయటికి లాగాడు. పిక్క మీద రెండు జలగలు. నేను కేకలు పెడుతూ సంచీలో ఉప్పు పొట్లం వెతుకుతుంటే, ఆయన గోరుతో దాని మూతి పక్కన గీకి, తీసి నీళ్ళలోకి విసిరేశాడు. ఉప్పు వేస్తే అది తాగినదంతా గాయంలోకే కక్కుతుందని, గోరే మేలని తరువాత ఒక వైద్యుడు చెప్పాడు. ఆయనకు వైద్యుడు చెప్పనక్కరలేకపోయింది.

ఇంతవరకూ నా పాత వ్యాసంలో ఉంది. దీని తరువాత జరిగింది లేదు.

ఉక్రోషంతో అవతలి గట్టు చుట్టి, ఎండిన మెరక మీదుగా నడిచాను. ఒక తీతువు నెత్తిమీద గిరికీలు కొడుతూ ఒకటే అరుపు. నేను దాన్ని ఫొటో తీయాలని తల పైకెత్తుకొని, ఒక కాలికి బూటు, ఒక కాలికి బురద, దాని వెంటే నడుస్తున్నాను. అది కొంచెం దూరం పోయి నేల మీద వాలి, రెక్క ఈడ్చి, మళ్ళీ లేచి, మళ్ళీ అరిచి. పాపం, నా కోసమే విన్యాసాలు చేస్తున్నదనుకున్నాను. బూటు కింద ఏదో చిట్లింది. తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట చేసి, నాలుగు గులకరాళ్ళ నడుమ గులకరాళ్ళ రంగులోనే గుడ్లు పెడుతుంది. నాలుగింటిలో మూడు నా బూటు కింద ఉన్నాయి. ఒకదానిలో పిల్ల రూపం దిద్దుకొని ఉంది.

ఆ అరుపు నన్ను ఆహ్వానించడానికి కాదు, పొమ్మనడానికి. ఆ చెరువు దగ్గర ఆ పూట నన్ను హెచ్చరించినవాళ్ళు ఇద్దరు. ఇద్దరి భాషా నాకు రాలేదు.

పన్నెండో రోజున చలిజ్వరం పట్టింది. మలేరియా. ఇంట్లోవాళ్ళు మన్యం గాలి అన్నారు. గాలి కాదు దోమ అని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపు కోసి చూసిన రోనాల్డ్ రాస్ తేల్చి చెప్పాడు, 1902లో నోబెల్ కూడా అందుకున్నాడు. దోమతెర కొనడం నాకు చిన్నతనమనిపించింది కాబట్టి జ్వరం వచ్చింది. నేను మాత్రం నా వ్యాసంలో "ప్రకృతి నన్ను పరీక్షించింది" అని రాసుకున్నాను. ప్రకృతికి వేరే పని లేనట్టు!

ఇక వాదన.

ఈ "దుస్సాహస" రచనల్లో మొదటి అబద్ధం కర్త. బురద లాగింది, జలగ పట్టింది, దోమ కుట్టింది, పాము అడ్డొచ్చింది. ప్రతి వాక్యంలోనూ కర్త ఆ నేలే, కర్మ మన వీరుడు. నిజానికి ఆ నేల ఎక్కడికీ రాలేదు. వచ్చినవాడు వీడు. వ్యాకరణాన్ని సరిచేసి రాస్తే ఆ వ్యాసాలన్నీ నాలుగు వాక్యాలకు కుదించుకుపోతాయి: చెప్పిన మాట వినలేదు, దిగకూడని చోట దిగాను, వేసుకోవలసింది వేసుకోలేదు, తొక్కకూడనిది తొక్కాను. ఇందులో వీరరసం పలకదు కాబట్టి ఎవరూ ఇలా రాయరు.

రెండో అబద్ధం అంతకన్నా పెద్దది. ఆ మళ్ళో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు ఉదయం నుంచి సాయంత్రం దాకా అదే బురదలో, అవే జలగల మధ్య, నడుము వంచి నిలబడతారు. రక్తపింజర, కట్లపాము వాళ్ళకు ఫొటోలు కావు. మన దేశంలో దొరికే పాముకాటు మందు తయారయ్యేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికే. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళను కాటేసేవి ముఖ్యంగా ఇవే కనుక. మన యాత్రికుడు మాత్రం మాడుగుల వైపు కొండల్లో గిరినాగు ఉందని విని, దాన్ని చూడకుండానే దాని మీద రెండు పేజీలు రాస్తాడు. పాపం ఆ గిరినాగు తినేది తోటి పాములను. మనిషిని చూస్తే తప్పుకుపోవడమే దానికిష్టం. మనకు నాలుగు గంటల బురద సాహసమైతే వాళ్ళ నలభై ఏళ్ళ బురదను ఏమనాలి? కూలి అంటాం. ఆ రోజు ఆవిడ ఏమని నవ్వించిందో నాకు వినబడలేదు గానీ, ఎంత ఘాటు మాటన్నా నాకు తగిందే.

మూడోది భాష సంగతి. "చిత్తడి నేల" అన్నది ఇంగ్లీషు మాటకు మనం అతికించుకున్న పేరు. తప్పేమీ లేదు, నేనూ వాడుతున్నాను. కానీ తెలుగువాడికి నీరు నిలిచే నేలకు ఒక్క పేరు ఎప్పుడూ చాలలేదు. గుంట, కుంట, చెరువు, మడుగు, దొరువు, ఊబి, పల్లం, మాగాణి. ఉత్తరాంధ్రలో, గోదావరి పక్కన, ఆవ. అనకాపల్లికి చేరువలోని కొండకర్ల ఆవ రాష్ట్రంలో కొల్లేరు తరువాత అంతటి మంచినీటి సరస్సు అంటారు. అక్కడ తాటిమొద్దు దొలిచి చేసిన దోనెల్ని జతకట్టి నీళ్ళ మీద తిరుగుతారు. రోలుగుంట పేరులోనే గుంట ఉంది. పల్లెల పేర్ల చివర నీళ్ళు పెట్టుకున్న జాతి మనది. ఆ నేలల్ని "ఎవరూ అడుగుపెట్టని నిర్జన ప్రాంతం" అని వర్ణించేవాడు తన చుట్టూ ఉన్న ఊళ్ళ పేర్లయినా చదవలేదన్నమాట.

పక్షుల విషయంలో మన పత్రికల పాండిత్యం మరీ ముచ్చటైనది. నీళ్ళ దగ్గర పెద్ద పక్షి కనిపిస్తే చాలు, "సైబీరియా అతిథులు" అని శీర్షిక. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద పిల్లల్ని పెంచుకొనే గూడబాతులకూ ఎర్రకాళ్ళ కొంగలకూ, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలకూ సైబీరియాతో ఏ చుట్టరికమూ లేదు. కొంచెం ఆలోచిస్తే చాలు: సైబీరియా నుంచి వచ్చే పక్షి అక్కడ పిల్లల్ని చేసుకొని, చలికి తాళలేక ఇక్కడికి తిండికి వస్తుంది. ఇక్కడ గూడు కట్టి గుడ్లు పెట్టే పక్షి ఇక్కడిదే. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు మన పొలాల్లోని నత్తగుల్లల కోసం ఏర్పడిందిగానీ సైబీరియా మంచు కోసం కాదు. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులంటారు. శాస్త్రం దృష్టిలో చూసినా పత్రికల కన్నా ఆ ఊరివాళ్ళ మాటే సత్యానికి దగ్గర. పుట్టిల్లే మరి.

"బురదను తొక్కితే ఏమైంది, మూడు గుడ్లు పోతే లోకం మునిగిందా?" అని ఒక పాఠకుడు అడుగుతాడని నాకు తెలుసు. మునగలేదు. కానీ ఈ రాతలు చేసే నష్టం మూడు గుడ్లతో ఆగదు. ఒక నేలను పనికిరానిది, ప్రమాదకరమైనది, రోగాల పుట్ట అని నలుగురూ నాలుగుసార్లు రాస్తే, దాన్ని పూడ్చేవాడికి పని సులువవుతుంది. పూడ్చేటప్పుడు ఎవరూ చెరువును చంపుతున్నామనరు. దోమల బెడద తీరుస్తున్నామంటారు.

చట్టం కాపాడుతుందనుకుంటున్నారా? 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో దేశాలు చేసుకున్న ఒడంబడిక, సహజమైనదైనా మనిషి తవ్వినదైనా, ఏడాది పొడుగునా నీళ్ళున్నా కొన్నాళ్ళే ఉన్నా, చిత్తడి నేలే అంది. మన దేశం చేసుకున్న 2017 నాటి నియమాలు నదీప్రవాహాలనూ, వరి పొలాలనూ, తాగునీటికీ సాగునీటికీ మనుషులు ప్రత్యేకంగా నిర్మించుకున్న జలాశయాలనూ, చేపల పెంపకానికీ ఉప్పు తయారీకీ కట్టినవాటినీ ఆ నిర్వచనంలోంచి తీసేశాయి. ఇప్పుడు రోలుగుంట వైపు ఒకసారి చూడండి. మన తాతముత్తాతలు వాగుకు అడ్డంగా గట్టు పోసి, తూము పెట్టి, అలుగు కట్టి చేసుకున్న చెరువులే కదా ఇక్కడున్నవి! మనిషి కట్టాడు కాబట్టి అది చిత్తడి నేల కాదట. జమ్ములో పిల్లల్ని పెట్టే నామాలకోడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? తవ్విన తాత చేతివాటం ఆ చెరువుకు ఇప్పుడు అనర్హత అయింది.

పేరున్నవాటి గతీ అంతంతే. కొల్లేరును 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. ఇంతలో సరస్సు కడుపులోకే చేపల చెరువులు పాకాయి. 2006లో ప్రభుత్వమే దిగి గట్లు తెగ్గొట్టవలసి వచ్చింది. ఆ గట్లు పోసినవాళ్ళంతా దొంగలూ కారు, పడగొట్టించినవాళ్ళంతా మహాత్ములూ కారు. మధ్యలో నలిగిన చిన్న రైతులూ బెస్తవాళ్ళూ ఉన్నారు, ఆ కథ వేరే టపాకు సరిపోతుంది. అంత పేరున్న కొల్లేటికే అన్ని తిప్పలైతే, పేరు లేని చెరువుకు నా బ్లాగు తప్ప దిక్కెవరు? అదీ అప్పట్లో దాన్ని తిట్టిన బ్లాగు.

"అయితే ఇంట్లో కూర్చోమంటారా?" కాదు. యాత్ర మానమనడం నా ఉద్దేశం కాదు. అడవుల చుట్టూ కంచె వేసి, లోపల పుట్టినవాణ్ణి కూడా బయటికి నెట్టే పరిరక్షణ మీద నాకు గౌరవం లేదు. ఎలా తిరగాలో చూపించినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు, అంతే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీకి పోయి వచ్చాడు. ప్రతి మజిలీలోనూ ఆయన చూపు నీటి మీదా, దారి మీదా, దొరికే సరుకుల మీదా, బతుకుతున్న మనుషుల మీదా ఉంటుంది. ఆయనకూ ఇబ్బందులు వచ్చాయి. వాటిని వెనక వచ్చేవాడికి పనికివచ్చే సమాచారంగా రాశాడు, తన పతకాలుగా కాదు.

నర్సీపట్నం దాటి ఘాటెక్కితే వచ్చే లంబసింగినే చూడండి. ఇవాళ పొగమంచు ఫొటోలకు పేరుపడింది. శీతాకాలం ఆదివారాలు తెల్లవారేసరికి కార్ల బారులు, వెళ్ళేటప్పటికి ప్లాస్టిక్ గ్లాసులు. ఇదే లంబసింగి 1929-30 నాటి వెర్నే సర్వేలో పక్షుల్ని సేకరించినవారికి ఒక మజిలీ. తరువాతి కాలంలో విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు అమెరికన్ శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్‌లతో కలిసి ఈ ఘాట్ల పక్షుల మీద పరిశోధన వ్యాసాలు రాశాడు. ఈశాన్య భారతానికీ దాని తూర్పు దేశాలకే చెందినదనుకున్న అబాట్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట మన కనుమల్లో కూడా ఉన్నదని తేలితే, ఇక్కడి ఉపజాతికి 1985లో కృష్ణరాజు పేరే పెట్టారు. ఒక తెలుగువాడి పేరు మోస్తున్న పిట్ట మన కొండల్లో ఉన్నదని ఆ కార్లలో వచ్చేవారిలో ఎందరికి తెలుసు? పోనీ, మన బ్లాగ్లోకంలో ఎందరికి తెలుసు? నేను కూడా జ్వరం తగ్గి మంచం మీద ఉన్నప్పుడు చదివి తెలుసుకున్నాను. అంతదూరం వెళ్ళి వచ్చాక!

కలివికోడి కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1900 తరువాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. పండితులు వెతుకుతున్న పక్షిని పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. పట్టుబడిన ఆ పక్షి బతకలేదన్నది ఈ కథలోని చేదు. కానీ ఎనభై ఏళ్ళకు పైగా "లేదు" అన్న పక్షి ఆ పొదల్లో ఉన్నదని తెలిసినవాడికి అది ఎప్పుడూ "లేదు" కాదు. ఆయన్ను అడగవలసినవాళ్ళు అడగలేదు, అంతే. గేదెలు దిగని చోటు తెలిసిన మనిషి ప్రతి చెరువు గట్టు మీదా ఒకడుంటాడు. మనం ఆయనకు ఫొటోలో కూడా చోటివ్వం.

పర్యాటకం వస్తే ఊరికి నాలుగు రాళ్ళు వస్తాయి కదా అన్నది గట్టి వాదనే, కొట్టిపారేయను. వస్తాయి. అయితే ఆ నాలుగు రాళ్ళు ఎవరి జేబులోకి పోతున్నాయో కూడా అడగండి. గుడారాలు అద్దెకిచ్చేవాడు పట్నంవాడు, బండివాడు పట్నంవాడు. తాటిమట్ట అందించిన ముసలాయనకు నేనిచ్చింది ఒక టీ, ఒక దండం. ఆయనే ఇంకేమీ వద్దన్నాడు అని అప్పుడు రాసుకున్నాను. వద్దన్నాడు సరే, నేను అడిగిన తీరు కూడా వద్దనేటట్టే ఉంది.

2019లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి సంచీ చిన్నది, కెమెరా లేదు. ఎగువ వైపు జమ్ము ఉన్న మెరకలో సగం చదును చేసి సరిహద్దు రాళ్ళు పాతారు. తామరాకుల స్థానంలో గుర్రపుడెక్క. ముసలాయన పోయి మూడేళ్ళయిందట. మనవడు అవే గేదెల సంతతిని కాస్తున్నాడు. చెరువు ఇలా అయిందేమని అడిగాను.

"పట్నం బాబులొచ్చి చూసెల్లారండి. ఇక్కడంతా ఊబే, పురుగే, ఎందుకూ పనికిరాదని రాశారంట కదండీ ఎక్కడో."

ఎవరు రాశారో ఆ కుర్రాడికి తెలియదు. అది నా రాతే అయివుండాలని లేదు, ఆ ఊరి పేరుతో అలాంటివి రాసినవాళ్ళు ఇంకా ఉండవచ్చు. అయినా ఆ పాత వ్యాసాన్ని తీసేసి దాని చోట ఇది పెడుతున్నాను. అప్పట్లో దాని కింద మెచ్చుకుంటూ వ్యాఖ్యలు రాసిన మిత్రులు మన్నించాలి. మీ వ్యాఖ్యలు కూడా దానితోనే పోయాయి.

ఆ పూట గట్టు మీద గంటసేపు కూర్చున్నాను. సరిహద్దు రాళ్ళ మధ్య ఒక తీతువు నడుస్తున్నది. నేను లేచి నిలబడగానే అరవడం మొదలుపెట్టింది. వచ్చిన దారినే వెనక్కి నడిచాను.